కథలో ఆ పిల్లాడికి ఏం కావాలి?

పిల్లల కథలో బుద్ధి కాస్త నెమ్మదైన పిల్లాడో, మాటలు రాని పిల్లో కనబడితే ఆ క్యారెక్టర్ ఎటు పోతుందో మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. నవ్వించడానికి పెట్టి ఉంటారు, లేదంటే జాలి పడటానికి, అదీ కాదంటే చివర్లో బాగుచెయ్యడానికి. పరమానందయ్య శిష్యుల కథలు మనందరికీ ఇష్టమే, అవి వినని తెలుగు బాల్యం ఉండదేమో, కానీ అవి విని నవ్విన క్లాసులోనే చెప్పిన మాట మూడోసారి చెప్తే గానీ అర్థంకాని పిల్లాడు ఒకడు కూర్చుని ఉంటాడు, వాడికి ఆ రోజు నుంచీ ఏం పేరు పడుతుందో కూడా మనకి తెలుసు. కథ తప్పని కాదు. కథలో అలాంటి పిల్లలకి ఆ ఒక్క ఉద్యోగమే ఇవ్వడం దగ్గరే వస్తోంది ఇబ్బంది అంతా.

బాగుచెయ్యడం అనేది ఇంకా పాతది. భారతంలో అష్టావక్రుడి కథే తీసుకుందాం. అరణ్యపర్వంలో వస్తుంది. తండ్రి వేదం తప్పు చదువుతుంటే కడుపులో ఉన్న బిడ్డ తప్పు పట్టాడు, తండ్రి శపించాడు, ఎనిమిది వంకరలతో పుట్టాడు. చిన్న పిల్లాడిగానే జనకుడి సభకి వెళ్ళి వాదంలో గెలిచి తండ్రిని విడిపించుకొస్తాడు. ఇంతవరకు అద్భుతమైన కథ, ఎందుకంటే ఆ వంకరలతోనే గెలిచాడు, వంకరలు చూసి నవ్విన వాళ్ళనే గెలిచాడు. కానీ కథ అక్కడ ఆగదు, తండ్రి సంతోషించి సమంగ నదిలో మునగమంటాడు, మునగ్గానే ఒళ్ళు తిన్నగా అయిపోతుంది. అంటే గెలుపు సరిపోలేదన్నమాట, బహుమతిగా ఒళ్ళు మారాలి. యూరప్‌లో కూడా ఇదే వరస, 1880ల నాటి హైదీ నవలలో చక్రాల కుర్చీలో ఉన్న క్లారా కొండ గాలికి లేచి నడుస్తుంది, 1911లో వచ్చిన సీక్రెట్ గార్డెన్‌లో కాలిన్ తోటలో తిరిగి తిరిగి నడిచేస్తాడు. మంచి పిల్లలకి దేవుడు మంచి చేస్తాడు, మంచి అంటే నడక రావడం, అనే లెక్క.

ఈ లెక్క ఎదుగుదల వైకల్యాల విషయంలో అసలు కుదరదు. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ (మెదడులో లోపం వల్ల ఒంటి కదలికలు అదుపులో లేకపోవడం), బౌద్ధిక వైకల్యం, ఇవేవీ జ్వరంలాగా వచ్చి పోయేవి కావు, పుట్టుకతోనో పసితనంలోనో మొదలై మనిషితో పాటు జీవితాంతం ఉంటాయి. డౌన్ సిండ్రోమ్ అంటే చాలామందిలో ఒంట్లో ప్రతి కణంలోనూ 21వ క్రోమోజోమ్ రెండు బదులు మూడు ఉండటం, దాన్ని ఏ నదిలో ముంచినా తగ్గించలేం. థెరపీతో, ఓపికతో, సరైన బడితో ఆ పిల్లలు చాలా నేర్చుకుంటారు, ఆ నేర్చుకోవడం వేరు, బాగైపోవడం వేరు. కాబట్టి చివరి పేజీలో బాగైపోయిన పిల్లాడి కథని, ఎప్పటికీ అలాగే ఉండబోయే పిల్లాడికి చదివి వినిపిస్తే వాడికి అందే కబురేంటి? నువ్వు ఇంకా మంచోడివి కాలేదురా అని. పక్కనే కూర్చుని వినే వాళ్ళ అక్కకి అందే కబురు ఇంకా ఘోరం, వీడు మారకపోతే తప్పు మా ఇంటిదే అని.

ఇంత చెప్పాక పంచతంత్రం గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మనం అందులో కాకినీ పాముని సింహాన్నీ కుందేల్నీ గుర్తుపెట్టుకుంటాం గానీ ఆ కథలన్నీ ఎందుకు పుట్టాయో మర్చిపోతాం. అమరశక్తి అనే రాజుకి ముగ్గురు కొడుకులు, చదువు ఎక్కడంలేదు. వ్యాకరణానికే పన్నెండేళ్ళు పడుతుంది అని పండితులు లెక్కలు చెప్తుంటే ముసలి విష్ణుశర్మ వచ్చి ఆరు నెలలు చాలు అంటాడు, శాస్త్రం పక్కనపెట్టి జంతువుల కథలు చెప్తాడు. అంటే పిల్లల్ని మార్చలేదు, చెప్పే పద్ధతి మార్చాడు. ఇంత పాత పుస్తకంలో తప్పుని పిల్లాడి బుర్ర మీద కాకుండా పాఠం చెప్పే తీరు మీద పెట్టిన ఆలోచన ఉంది మనకి. దాన్ని మనం వాడుకోలేదు, అదే బాధ.

ఇప్పటి పుస్తకాల దగ్గరికి వద్దాం. ఎదుగుదల వైకల్యాలున్న పిల్లల్ని బాగా చూపించిన పుస్తకాలకి అమెరికాలో డాలీ గ్రే అవార్డు అని ఒకటి ఉంది, 2000 నుంచి రెండేళ్ళకోసారి ఇస్తున్నారు, సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒకమ్మాయి పేరు మీద పెట్టింది. బొమ్మల పుస్తకానికి ఒకటి, పెద్ద పిల్లల నవలకి ఒకటి. ఇక్కడ 'బాగా చూపించడం' అన్న మాట దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. బాగా చూపించడం అంటే ఆ పిల్లాడు దేవుడి బిడ్డ, కల్మషం లేని మనసు, వాడి నవ్వు చూస్తే చాలు అని రాయడం అనుకుంటారు. అలా పొగిడిన పుస్తకంలో కూడా ఆ పిల్లాడు బొమ్మే, కాకపోతే పూజ గదిలో పెట్టిన బొమ్మ. చూడాల్సింది ఒకటే ఒకటి, ఆ పిల్లాడికి కథలో ఏదైనా కావాలా? వాడికి కావాల్సిన దాని వల్ల కథ కదులుతోందా? లేక పక్కనున్న మామూలు పిల్లకి దయ నేర్పించడానికి మాత్రమే వాణ్ణి తెచ్చి నిలబెట్టారా?

ఈ ప్రశ్నతో చూస్తే కొన్ని పాత పుస్తకాలు అనుకున్నదానికంటే నయంగా కనబడతాయి. బెట్సీ బయర్స్ రాసిన ద సమ్మర్ ఆఫ్ ద స్వాన్స్ 1970లో వచ్చింది, 1971లో అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ మెడల్ కూడా వచ్చింది. అందులో చార్లీ మాట్లాడడు, చిన్నప్పుడు జబ్బు చేసి అలా అయ్యాడు. కథ చాలావరకు వాళ్ళక్క సారాది, టీనేజ్ చిరాకులన్నీ ఆమెవి. అయినా చార్లీకి సొంతంగా ఒకటి కావాలి, చెరువులో చూసిన హంసల్ని మళ్ళీ చూడాలి. రాత్రిపూట ఒక్కడే లేచి వెళ్ళిపోతాడు, దారి తప్పుతాడు, ఊరంతా వెతుకుతుంది. చేతికి గడియారం ఉంటుంది, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని టిక్ టిక్ వింటే కుదుటపడతాడు, కొన్ని అధ్యాయాలు రచయిత్రి చార్లీ లోపలి నుంచే రాసింది. ఆ రోజుల్లో వాడుకలో ఉన్న మాటలు ఇప్పుడు చదివితే గుచ్చుకుంటాయి, నిజమే. కానీ ఆ గడియారం చప్పుడు రాసిన మనిషి చార్లీ పక్కన కాసేపు కూర్చుని విన్న మనిషి అని తెలుస్తుంది.

డాలీ గ్రే అవార్డు మొదటిసారి 2000లో ఇచ్చినప్పుడు బొమ్మల పుస్తకాల్లో గెలిచింది ఇయన్స్ వాక్, లారీ లియర్స్ రాసింది, 1998 పుస్తకం. ఇది కాస్త దగ్గరగా చూడాల్సిన పుస్తకం. ఇయన్‌కి ఆటిజం. ఇద్దరు అక్కలతో కలిసి పార్కుకి, బాతులకి మేత వెయ్యడానికి బయల్దేరతాడు. దారిలో హోటల్ దగ్గర అందరూ లోపల ఏముందో చూస్తే వీడు పైన తిరిగే ఫ్యాన్ చూస్తూ ఉండిపోతాడు. పూల వాసన చూపిస్తే ముఖం తిప్పేసుకుంటాడు, పోస్టాఫీసు ఇటుక గోడకి మాత్రం ముక్కు ఆనించి వాసన చూస్తాడు. చెరువు దగ్గర నేల మీద పడుకుని గట్టి రాళ్ళకి చెంప ఆనిస్తాడు. చిన్నక్క జూలీకి సిగ్గు, చిరాకు, జనం చూస్తున్నారని ఇబ్బంది, తమ్ముడున్న ఏ ఇంట్లోనైనా ఉండేవే ఇవి, రచయిత్రి వాటిని దాచిపెట్టలేదు.

పెద్దక్క ఏదో తేవడానికి అటు వెళ్ళినప్పుడు ఇయన్ కనబడకుండా పోతాడు. ఇక్కడే ఈ పుస్తకం విలువంతా ఉంది. జూలీ కళ్ళు మూసుకుని, మామూలుగా పిల్లలు ఎక్కడికి పోతారు అని కాకుండా ఇయన్‌కి ఏది ఇష్టం అని ఆలోచిస్తుంది. అప్పుడు పార్కు మధ్యలో ఉన్న పాత గంట మోగడం వినబడుతుంది, పరుగెత్తి చూస్తే ఆ గంట కింద పడుకుని దాని నాలుకని అటూ ఇటూ ఊపుతూ ఉంటాడు. తిరిగి ఇంటికి వెళ్ళేటప్పుడు అదే దారి, అదే ఫ్యాన్, అదే గోడ, కానీ ఈసారి వాడికి కావాల్సినంత సేపు ఆగుతూ వెళ్తారు. చివరికి ఇయన్ ఏం మారలేదు, ఒక్క మాట కూడా కొత్తగా మాట్లాడలేదు. నడకే మారింది. వాణ్ణి వెతికి పట్టుకోవాలంటే వాడిలా ఆలోచించాల్సి వచ్చింది అన్నది కథ ముడిలోనే ఉంది, టీచర్ బోర్డు మీద రాయాల్సిన పని లేదు. 32 పేజీల ఇలాంటి పుస్తకం ఆటిజం అవగాహన మీద ఇచ్చే చాలా ఉపన్యాసాల కంటే ఎక్కువ పని చేస్తుందని గట్టిగా అనిపిస్తుంది.

అదే 1998లో డౌన్ సిండ్రోమ్ మీద వచ్చిన వీల్ పెయింట్ ద ఆక్టోపస్ రెడ్ ఇంకో దారిలో వెళ్తుంది. ఎమ్మా అనే చిన్నపిల్లకి తమ్ముడో చెల్లో పుట్టబోతున్నారు, నాన్నతో కూర్చుని ఆ బిడ్డతో చెయ్యబోయే పనులన్నీ లెక్కేసుకుంటుంది, వాటిలో ఒకటి ఆక్టోపస్ బొమ్మకి ఎర్ర రంగు వెయ్యడం. తమ్ముడు పుడతాడు, నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకుని డౌన్ సిండ్రోమ్ అని చెప్తాడు. ఎమ్మాకి ఆ పేరు అర్థంకాదు, అయితే ఆక్టోపస్‌కి రంగు వెయ్యలేడా అని అడుగుతుంది. ఇద్దరూ ఆ లిస్టు మళ్ళీ మొదటి నుంచీ చూసుకుంటూ వస్తారు, ఇది చెయ్యగలడు, ఇదీ చెయ్యగలడు, కాస్త టైమ్ పడుతుంది, ఓపిక కావాలి, అంతే. ఆస్పత్రిలో పెద్దవాళ్ళకి డాక్టర్ చెప్పే జబ్బు వివరాల్లో భయమే ఎక్కువ ఉంటుంది, పిల్లకి కావాల్సింది మాత్రం రేపు వీడితో ఎలా ఆడుకోవాలి అన్న సంగతి. మన ఇళ్ళలో ఇలాంటి బిడ్డ పుడితే పెద్దక్కకో అన్నకో ఎవరూ ఏమీ చెప్పరు, గదిలో గుసగుసలు నడుస్తాయి, 'వాళ్ళ మేనమామకీ ఐదేళ్ళకి గానీ మాటలు రాలేదు, వీడికీ వస్తాయిలే' అని ఒకరు, ఫలానా గుడికి తీసుకెళ్ళమని ఒకరు. ఆ పిల్లల చేతిలో పెట్టడానికి ఇలాంటి పుస్తకం తెలుగులో ఉంటే ఎంత బాగుండేదో.

సింథియా లార్డ్ రాసిన రూల్స్ 2006లో వచ్చింది, మరుసటేడు న్యూబరీ ఆనర్ వచ్చింది. ఆమె కొడుక్కి ఆటిజం ఉంది, ఆ ఇంటి గాలి పుస్తకం నిండా ఉంటుంది. పన్నెండేళ్ళ కేథరిన్ తమ్ముడు డేవిడ్ కోసం రూల్స్ రాసిపెడుతుంటుంది, చేపల తొట్టెలో బొమ్మలు వెయ్యకూడదు లాంటివి. డేవిడ్ సొంత మాటలు దొరకనప్పుడు తనకి ఇష్టమైన కథల పుస్తకంలో వాక్యాలు తీసి మాట్లాడతాడు, అక్క కూడా అదే పుస్తకంలో వాక్యంతో జవాబిస్తుంది. బయటివాళ్ళకి అదేదో చిలకపలుకులా కనబడుతుంది, వాళ్ళిద్దరి మధ్య మాత్రం అది పూర్తి సంభాషణ. ఆటిజం ఉన్న పిల్లలున్న ఇంట్లో సినిమా డైలాగులతోనో యాడ్ పాటలతోనో ఇలా మాట్లాడుకోవడం రోజూ జరిగేదే.

కానీ ఆ పుస్తకంలో అన్నిటికంటే బలమైన మనిషి డేవిడ్ కాదు, థెరపీ క్లినిక్‌లో పరిచయమయ్యే జేసన్. వీల్‌ఛైర్‌లో ఉంటాడు, మాట రాదు, ఒళ్ళో ఒక పుస్తకం ఉంటుంది, అందులో మాటల కార్డులు, కావాల్సిన మాట మీద వేలుపెట్టి చూపిస్తాడు. ఆ మాటలన్నీ పెద్దవాళ్ళు ఎంచినవి. మంచి, చెడు, ఆకలి, థ్యాంక్యూ. ఒక టీనేజ్ కుర్రాడు విసుక్కోవాలంటే, వెక్కిరించాలంటే అందులో మాటే లేదు. కేథరిన్ కార్డులు గీసి తెస్తుంది, 'ఏదో ఒకటిలే' లాంటివి, ఛండాలంగా ఉంది అని గట్టిగా అనడానికి ఒకటి. అవి చేతికి వచ్చాక జేసన్ ఒక్కసారిగా పూర్తి మనిషిగా కనబడతాడు, కోపమొస్తుంది, అలుగుతాడు, నన్ను నీ ఫ్రెండ్స్ దగ్గర ఎందుకు దాస్తున్నావని నిలదీస్తాడు. మాటరాని పిల్లలకి ఇచ్చే కార్డుల్లో, ట్యాబ్ యాప్‌లలో ఈ లోటు ఇప్పటికీ ఉంది. నీళ్ళు, బాత్రూమ్, అమ్మ, అన్నం ఉంటాయి. 'నాకొద్దు పో', 'మళ్ళీ ఉప్మానా', 'నా సంగతి నాకు తెలుసు' ఉండవు. మర్యాద మాటలే ఇచ్చి వీడెంత నెమ్మదస్తుడో అని మురిసిపోవడం, ఆలోచిస్తే, పిల్లాడి నోరు ఇంకోసారి కట్టెయ్యడమే.

ఇక మేధావి చిక్కు గురించి. షారన్ డ్రేపర్ 2010లో రాసిన అవుట్ ఆఫ్ మై మైండ్‌లో మెలొడీకి సెరిబ్రల్ పాల్సీ, మాట రాదు, కానీ చూసింది ఏదీ మర్చిపోదు. స్పెషల్ క్లాసులో ఒక టీచర్ రోజూ అదే ఏబీసీ పాట పెడుతుంటే లోపల వేల మాటలున్న ఈ పిల్ల అరిచి గోల చేస్తుంది, అందరూ దాన్ని మొండితనం అనుకుంటారు. ఆ సీన్ చదివాక ఏ టీచరైనా క్లాసులో అరిచే పిల్లాడి వైపు ఇంకోలా చూస్తారు. మాట్లాడే మెషీన్ వచ్చాక క్విజ్ టీమ్‌లో చేరుతుంది, అసలు పోటీకి వెళ్ళే రోజున టీమ్ వాళ్ళు ఆమెకి చెప్పకుండా ముందు ఫ్లైట్ ఎక్కి వెళ్ళిపోతారు. అవమానం చేసింది ఒళ్ళు కాదు, తోటి పిల్లలు, అని చాలా సూటిగా చూపించింది రచయిత్రి. అంతా బాగుంది, కానీ మెలొడీ మేధావి కాకపోయి ఉంటే? క్విజ్‌లో ఒక్క జవాబు కూడా తెలియని పిల్ల అయితే ఆమెని ఎయిర్‌పోర్టులో వదిలెయ్యడం తప్పు కాకుండా పోతుందా? బౌద్ధిక వైకల్యం ఉన్న పిల్లలకి ఈ రకం కథల్లో చోటే దొరకదు, ఎందుకంటే లోపల దాగి ఉన్న మేధావి అన్న మెలిక వాళ్ళ దగ్గర పనిచెయ్యదు.

2007లో వచ్చిన తారే జమీన్ పర్ సినిమా మన దగ్గర డిస్‌లెక్సియా (అక్షరాలు చదవడం, రాయడం కష్టమవడం) అన్న మాటని ఇంటింటికీ తెచ్చింది, ఆ మేలు చాలా పెద్దది, ఎంతమంది తల్లిదండ్రులు పిల్లల్ని కొట్టడం ఆపారో. అయినా అందులోనూ ఐన్‌స్టీన్, డావిన్చీ పేర్లు చెప్పి ఓదార్చడం, చివర్లో బొమ్మల పోటీలో ఫస్ట్ రావడం ఉన్నాయి. బొమ్మ వెయ్యడం రాని డిస్‌లెక్సియా పిల్లాడు థియేటర్లోంచి బయటికొచ్చి నాకేం వచ్చు అని వెతుక్కుంటాడు కదా. పెర్సీ జాక్సన్ పుస్తకాలు మన ఇంగ్లిష్ మీడియం పిల్లలు తెగ చదువుతారు, వాటిని రాసిన రిక్ రియర్డన్ తన కొడుక్కి కుదురు, ధ్యాస నిలవని ఏడీహెచ్‌డీ, డిస్‌లెక్సియా ఉండటం వల్లే అలాంటి హీరోని తయారుచేశాడు. అక్షరాలు ఎగిరిపోయేది బుర్ర ప్రాచీన గ్రీకు భాషకి అమరి ఉండటం వల్ల, కుదురుగా కూర్చోలేనిది యుద్ధానికి పుట్టిన ఒళ్ళు కావడం వల్ల అంటాడు. తొమ్మిదేళ్ళ పిల్లాడికి అది ఎంత ధైర్యమిస్తుందో చెప్పలేం, ఆ ధైర్యాన్ని తీసెయ్యమని ఎవరూ అనరు. కాకపోతే లోకంలో అన్ని పుస్తకాలూ అలాంటివే అయితే లోపానికి పక్కన శక్తి చూపించలేని పిల్లలు వరసలోంచి బయటే ఉండిపోతారు.

ఎల్ మెక్‌నికల్ రాసిన ఎ కైండ్ ఆఫ్ స్పార్క్ 2020లో వచ్చినప్పుడు పెద్ద తేడా కనబడింది, రచయిత్రే న్యూరోడైవర్జెంట్, అంటే మెదడు పనిచేసే తీరే మిగతా వాళ్ళకంటే వేరు. అంతవరకు ఆటిజం కథలు ఎక్కువగా అక్కలు చెప్పేవి, అమ్మలు చెప్పేవి, ఇందులో ఆటిజం ఉన్న పదకొండేళ్ళ ఆడీ తనే చెప్తుంది. స్కాట్లాండ్‌లో చిన్న ఊరు. ఒకప్పుడు ఆ ఊళ్ళో మంత్రగత్తెలని ముద్రవేసి ఆడవాళ్ళని చంపారని బళ్ళో తెలుసుకుంటుంది, వాళ్ళకి ఊళ్ళో ఒక జ్ఞాపక చిహ్నం పెట్టించాలని పట్టుబడుతుంది. అంతకుముందు సొరచేపల పిచ్చి, ఇప్పుడు ఇది. మిగతా వాళ్ళలా లేనందుకు చచ్చిపోయిన ఆడవాళ్ళ కోసం మిగతా వాళ్ళలా లేని పిల్ల ఊరి పెద్దల ముందు నిలబడటం, ఈ పోలికని రచయిత్రి ఎక్కడా ఉపన్యాసంగా చెప్పదు. ఆడీకి కావాల్సింది ఆటిజం పోవడం కాదు, ఒక రాయి మీద నాలుగు పేర్లు. వాటర్‌స్టోన్స్ పిల్లల పుస్తకాల బహుమతి 2021లో దీనికే వచ్చింది.

తెలుగు పాఠకుల దగ్గర ఇవేవీ లేకపోయినా ఒక పుస్తకం మాత్రం ఉంది, రైలుబడి. తెత్సుకో కురోయనాగి రాసిన తొత్తోచాన్, జపాన్‌లో 1981లో పుస్తకంగా వచ్చింది, తెలుగులో టీచర్లు చేతులు మార్చుకుంటూ చదివిన పుస్తకం. తొత్తోచాన్‌ని ఒకటో తరగతిలోనే బళ్ళోంచి పంపించేశారు, డెస్కు మూత వందసార్లు తెరిచి మూస్తుంది, పాఠం మధ్యలో కిటికీ దగ్గర నిలబడి వీధిలో వాయించుకుంటూ వెళ్ళేవాళ్ళని పిలుస్తుంది. ఇప్పుడు చదివితే చాలామందికి ఏడీహెచ్‌డీ గుర్తొస్తుంది, పుస్తకంలో మాత్రం ఏ పేరూ లేదు. తొమోయే బడి హెడ్మాస్టర్ కొబయాషీ మొదటి రోజు ఆ పిల్లని కూర్చోబెట్టుకుని చెప్పాలనుకున్నదంతా చెప్పమన్నాడు, నాలుగు గంటలు విన్నాడు. ఆపకుండా, ఆవులించకుండా. చంటిపిల్ల మాటలు నాలుగు గంటలు వినే మనిషిని ఊహించుకోవడం కూడా కష్టమే.

అదే బళ్ళో తకాహషి అనే పిల్లాడు, కాళ్ళూ చేతులూ పొట్టి, ఇక ఎదగడు. ఎదుగుదల ఆగిన ఒళ్ళు, బుద్ధి సంగతి కాదు, అయినా ఇక్కడ చెప్పకుండా ఉండలేం. ఆటల పోటీల రోజు వస్తుంది, అన్నిట్లోనూ తకాహషి ఫస్ట్ వస్తాడు, అందరూ ఎంత పరుగెత్తినా అందుకోలేరు. ఎలాగంటే ఆటలు అలా తయారుచేశారు. గుడ్డతో చేసిన పెద్ద చేప బొమ్మలో దూరి అటువైపు రావాలి, పొడుగు పిల్లలు లోపల చిక్కుకుని తన్నుకుంటుంటే వీడు సర్రున బయటికొస్తాడు. మెట్లు ఒక్కొక్కటీ ఎక్కి దిగాలి, వీడి చిన్న కాళ్ళు మెషీన్‌లా ఆడతాయి. ఎవరూ వాడి కోసం ఓడిపోలేదు, ఎవరూ జాలిపడి ముందు వదల్లేదు, ఆట రూలే వాడి ఒంటికి సరిపోయేలా పెట్టారు. విష్ణుశర్మ రాజకుమారుల దగ్గర చేసింది ఇదే. మన స్కూల్ స్పోర్ట్స్ డేలో స్పెషల్ పిల్లలకి విడిగా ఒక రేస్ పెట్టి అందరికీ చాక్లెట్లిచ్చి ఫొటో తీస్తారు, ఆ రెండిటికీ తేడా పిల్లాడికి వెంటనే తెలుస్తుంది.

మన భాషలో ముందుగా తగిలే అడ్డు మాటల దగ్గరే. మందబుద్ధి, బుద్ధిమాంద్యం, మెంటల్, ఇవి తిట్లుగా మారిపోయాక కథలో ఏం రాయాలి? సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ పేరులో కూడా మొదట మెంటల్లీ హ్యాండికాప్డ్ అనే ఉండేది, తర్వాత ఇంటెలెక్చువల్ డిజెబిలిటీస్ అని మార్చారు. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి, ఆటిజం పేరుపెట్టి చేర్చారు. ఆఫీసు భాష ఇలా మారింది గానీ కథ భాష మారలేదు. 'దివ్యాంగులు' అని రాస్తే మళ్ళీ పూజ గది బొమ్మే అవుతుందని ఆ కుటుంబాల్లోనే చాలామందికి అనిపిస్తుంది. నిజానికి పిల్లల పుస్తకానికి పెద్ద మాట అక్కర్లేదు, 'చిన్ను మాట్లాడడు, చూపిస్తాడు' అని రాస్తే నాలుగేళ్ళ పిల్లకి కూడా అర్థమవుతుంది. పేరు అవసరమైన చోట ఆటిజం, డౌన్ సిండ్రోమ్ అని అలాగే రాయొచ్చు, షుగర్, బీపీ మనకి తెలుగైపోలేదా.

మన దేశంలో పని అసలు లేదని కాదు. చెన్నైలో పిల్లల పుస్తకాలు వేసే తూలిక వాళ్ళు 1999లోనే 'నా చెయ్యి పట్టుకోవడానికి నీకు భయమెందుకు' అని అడిగే పుస్తకం ఇంగ్లిష్‌లో వేశారు, షీలా ధీర్ రాసి బొమ్మలేసింది, వైకల్యం ఉన్న బిడ్డ తనని చూసి జనం అనే మాటలకి జవాబులు చెప్తుంది. తర్వాత అదే సంస్థ వేసిన క్యాచ్ దట్ క్యాట్‌లో వీల్‌ఛైర్‌లో ఉన్న అల్లరి పిల్ల తప్పిపోయిన పిల్లి కోసం చెట్టెక్కుతుంది, అది కుర్చీ కథ కాదు, పిల్లి కథ. మధ్యలో గడిచిన ఏళ్ళలో ఆలోచన ఎంత దూరం వచ్చిందో ఈ రెండూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది, మొదటి బిడ్డ తను ఎవరో చెప్పుకోవాల్సి వచ్చింది, రెండో పిల్లకి ఆ పని లేదు. తూలిక తెలుగులోనూ పుస్తకాలు వేస్తుంది, ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ 2015 నుంచి ఉంది, అందులో కథల్ని ఎవరైనా తెలుగు చేసుకోవచ్చు, ఉచితంగా ప్రింట్ తీసుకోవచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలున్నాయి, అక్కడ పనిచేసే టీచర్లకి ఈ పిల్లల గురించి తెలిసినంత ఏ రచయితకీ తెలియదు. ఏ పిల్లాడు మిక్సీ చప్పుడుకి చెవులు మూసుకుంటాడు, ఎవడు బస్సు నంబర్లన్నీ చెప్తాడు, ఎవరు కొత్త యూనిఫామ్ గుచ్చుకుంటుందని ఏడుస్తుంది, కథలన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. కాగితం మీదికి రావాలంతే, అదీ వాళ్ళ గోదావరి, వాళ్ళ పాలమూరు మాటల్లో వస్తే ఇంకా మంచిది.

బొమ్మల సంగతి కూడా చూసుకోవాలి. క్లాసు బొమ్మ గీస్తూ మూలన ఒక వీల్‌ఛైర్ పెట్టేసి అందర్నీ చేర్చేశాం అనుకునే పుస్తకాలు పెరిగాయి. ఆ కుర్చీలో పిల్ల ఎటు చూస్తోంది, చేతిలో ఏముంది, పక్కవాళ్ళతో ఏదైనా చెప్తోందా అని చూస్తే చాలాసార్లు ఏమీ ఉండదు, నవ్వుతూ మన వైపు చూస్తూ ఉంటుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల ముఖాల్ని అందరినీ ఒకేలా గీసేస్తారు, కానీ ఆ పిల్లలకి వాళ్ళ అమ్మ ముక్కు, వాళ్ళ తాత గడ్డం కూడా వస్తాయి.

క్లాసులో ఇలాంటి పుస్తకం చదివి వినిపించేటప్పుడు 'దీన్నిబట్టి మనం ఏం నేర్చుకున్నాం' అని అడగకపోతేనే మేలు. ఆ ప్రశ్న వినగానే పిల్లలు జాలిపడాలి, సహాయం చెయ్యాలి అని కంఠతా వచ్చిన జవాబు చెప్పేస్తారు, క్లాసులో నిజంగా ఉన్న ఇయన్ తల దించుకుంటాడు. దాని బదులు ఇయన్ ఫ్యాన్ చూసే పేజీ దగ్గర కాసేపు చదవడం ఆపి, పైన ఉన్న ఫ్యాన్ కేసి అందర్నీ చూడమనొచ్చు. నేల మీద పడుకుని చెవి ఆనించి ఏం వినబడుతోందో చెప్పమనొచ్చు. పక్క క్లాసులో బెంచీ జరిపిన చప్పుడు, ఎవరో నడుస్తున్న అడుగులు, వంటగదిలో బోర్లించిన గిన్నె. ముందుగా వినేది ఎవరో చూడాలి, ఎక్కువసార్లు అది ఆ చివర బెంచీలో మాట్లాడకుండా కూర్చునే పిల్లాడే అవుతాడు.